పొటాషియం సీసా

సీసా మూత తీయగానే ల్యాబు అటెండర్ రాజయ్య ముందు వాసన చూస్తాడు. ఇరవై నాలుగేళ్ళ అలవాటు. కిరోసిన్ వాసన గుప్పున వచ్చిందంటే లోపలి సోడియం క్షేమంగా ఉన్నట్టే. ఏడాదిన్నరగా ఆ సీసాలోంచి నువ్వుల నూనె వాసన వస్తోంది. ఆ సంగతి కాలేజీలో రాజయ్యకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

సోమవారం, ఇంకా మొదటి గంట కొట్టలేదు. నాంపల్లి స్టేషన్ ఎదురు సందులో రెండు లాడ్జీల మధ్య ఇరుక్కున్న ఆ జూనియర్ కాలేజీకి మూడో అంతస్తులో కెమిస్ట్రీ ల్యాబు. కిటికీ రెక్క తెరిస్తే రైళ్ళ రాకపోకలు చెప్పే మైకు గొంతు గదిలోకి వస్తుంది. రాజయ్య పట్టకారుతో సోడియం ముక్కను పైకి తీశాడు. ఫిల్టర్ కాగితం మీద పెట్టి నూనె అద్దాడు. పైన కట్టిన తెల్లటి పొరను చాకు అంచుతో గీకాడు. అది సబ్బు బిళ్ళలా తెగే లోహం. తెగిన చోట వెండిలా మెరిసి, చూస్తుండగానే మసకబారుతుంది. ఈమధ్య ఆ పొర నిజంగానే సబ్బులా జారుతోంది. వేళ్ళకు అంటకుండా జాగ్రత్తగా కాగితంతో తుడిచి, ముక్కను మళ్ళీ సీసాలో వేశాడు.

రేషన్ షాపులో కిరోసిన్ ఎప్పుడో ఆగిపోయింది. అఫ్జల్‌గంజ్‌లో ఒక రంగుల దుకాణంలో దొరికే డబ్బా కూడా కొన్నాళ్ళకు దొరకకుండా పోయింది. కిరోసిన్ బదులు పారఫిన్ నూనె తెప్పించమని రాజయ్య మూడుసార్లు రాసి ఆఫీసుకు పంపాడు. మూడుసార్లూ ఆ కాగితం మీద ఒకటే మాట రాసి వచ్చింది: ఉన్నదాంతో సర్దుకోండి. కిందటేడు ఎండాకాలం సెలవులైపోయి తలుపు తీసేసరికి రెండు సీసాల్లోనూ నూనె సగానికి దిగిపోయింది. సోడియం నెత్తి, పొటాషియం నెత్తి బయటపడి ఉన్నాయి. అలమారా మీద సరస్వతీదేవి పటం ముందు శుక్రవారం దీపానికని పెట్టుకున్న నువ్వుల నూనె ఉంది. అది తీసి రెండింట్లోనూ పోశాడు. దేవుడి ముందు వెలిగే నూనె ఎవరికి చెడు చేస్తుంది? అప్పుడు అంతకన్నా ఎక్కువ ఆలోచించలేదు.

"రాజయ్యగారూ, ఒక మాట," అంటూ స్నేహ మేడం లోపలికి వచ్చింది. జూన్‌లో చేరిన కాంట్రాక్టు లెక్చరర్. ఇరవై ఆరేళ్ళుంటాయి. అతన్ని గారు పెట్టి పిలిచే లెక్చరర్ ఆమె ఒక్కతే. "ఆవర్తన పట్టిక చెప్తుంటే పిల్లలు చార్టు చూస్తూ నిద్రపోతున్నారండీ. రేపు చేసి చూపిద్దాం. లిథియం, సోడియం, పొటాషియం, మూడూ వరసగా. పొటాషియం ఉందా మన దగ్గర?"

"ఉన్నది మేడం. కని పాతది."

"ఎంత పాతది?"

"విజయేందర్ సార్ ఉన్నప్పుడు తెప్పించింది. ఏడెనిమిదేండ్లయితుండొచ్చు. సార్ రిటైరయిపోయినంక ఎవ్వలు ముట్టలే."

అలమారా వెనక వరసలోంచి సీసా తీసి ఆమె ముందు పెట్టాడు. ఇద్దరూ వంగి చూశారు. నూనె అడుగున నిమ్మకాయంత ముద్ద. చుట్టూ పసుపురంగు పొర. సోడియం మీది పొర తెల్లగా ఉంటుంది. ఇది పసుపెందుకయ్యిందో రాజయ్యకు తెలియదు. ఆమె సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది.

"పొర తీసేస్తే లోపల బాగానే ఉంటుందిగా?"

"సోడియం అయితే గట్లనే ఉంటది మేడం."

"సరే అయితే. మీరు పక్కనుంటే నాకు ధైర్యం."

ఆ మాట రాజయ్యకు బాగుంది. నూనె సంగతి అప్పుడే చెప్పాల్సింది. నోటిదాకా వచ్చింది కూడా. ఇంతలో గంట కొట్టారు. మేడం సుద్దముక్క తీసుకుని వెళ్ళిపోయింది.

*

మంగళవారం రెండో పీరియడ్. నలభై మంది పిల్లలు బల్లల చుట్టూ మూగారు. రాజయ్య వెడల్పాటి గాజుతొట్టి నిండా నీళ్ళు పోసి, రంగు మారడానికి ఫినాఫ్తలీన్ నాలుగు చుక్కలు వేశాడు. ఎర్ర బక్కెట్లో ఇసుక బల్ల కింద పెట్టుకున్నాడు. ఇలాంటి ప్రయోగం ఎప్పుడు చేసినా అతను చేసే మొదటి పని అదే.

"మొదటి నిలువు వరస చూడండి," అంది స్నేహ మేడం చార్టు మీద స్కేలు పెట్టి. "పైనుంచి కిందికి దిగేకొద్దీ పరమాణువు పెద్దదవుతుంది. చిట్టచివర ఉన్న ఎలక్ట్రాన్ కేంద్రానికి దూరమవుతుంది. దూరమైతే పట్టు తగ్గుతుంది. పట్టు తగ్గితే?"

"ఊడిపోతది మేడం!"

పిల్లలు ఘొల్లున నవ్వారు. ఆమె కూడా నవ్వింది. "ఔను, ఊడిపోతది. ఎంత తేలిగ్గా ఊడిపోతే ఆ లోహం అంత చురుగ్గా ఉంటుంది. దాన్నే చర్యాశీలత అంటాం."

ముందు వరసలో నిలబడ్డ అక్షిత చెయ్యెత్తింది. ప్రతి క్లాసులోనూ ఏదో ఒకటి అడగనిదే ఊరుకోని పిల్ల. "మరి బంగారం ఎందుకు గట్లనే ఉంటది మేడం?"

"బంగారం తన ఎలక్ట్రాన్‌ని అంత తేలిగ్గా వదలదు. నీళ్ళతో, గాలితో దానికి పని లేదు. అందుకే మట్టిలో కూడా బంగారం బంగారంలాగే దొరుకుతుంది. సోడియం సోడియంగా ఎక్కడా దొరకదు."

"గందుకేనా మా అమ్మ పుస్తె మెరుస్తది, పట్టగొలుసులు నల్లవడ్డయి?"

"పట్టగొలుసులు వెండివే, అవి నల్లబడేది వేరే కథ. అది రేపు," అంది మేడం. "ఇటు రా, నువ్వే పింగాణీ పలక పట్టుకో."

లిథియం నీళ్ళ మీద తేలి మెల్లగా బుడగలు కక్కింది. సోడియం గుండ్రటి పూసై బుసబుసమంటూ తొట్టంతా పరుగెత్తింది. దాని వెనకాల నీళ్ళలో గులాబీరంగు చార సాగింది. పిల్లలు ఈలలు వేశారు. ఈ పాఠం రాజయ్య ఎన్నేళ్ళుగానో వింటున్నాడు గాని, మూడూ ఒకదాని వెంట ఒకటి చూడటం ఇదే మొదలు. మెట్టు దిగినకొద్దీ చురుకు పెరుగుతుందన్న మాట కళ్ళముందే జరుగుతోంది.

ల్యాబులో రక్షణ కళ్ళద్దాలు రెండే జతలు. ఒకటి మేడం పెట్టుకుంది. రెండోది రాజయ్యకు ఇవ్వబోతే, "పిల్లకు పెట్టున్రి మేడం," అన్నాడు. అక్షిత పెట్టుకుని, పింగాణీ పలకను రెండు చేతులా పట్టుకుంది. రాజయ్య పట్టకారుతో పొటాషియం ముద్దను పలక మీదికి దించాడు.

"నేను కోస్త మేడం."

"మీకు కళ్ళద్దాలు లేవుగా. ఇటివ్వండి." ఆమె చాకు అందుకుంది.

చాకు పసుపు పొరలో దిగింది. టపాసు పేలినట్టు టప్‌మంది. పలక రెండు ముక్కలై ఎగిరింది. నూనె అంటుకుని బల్ల మీద మంట లేచింది. అక్షిత కుడిచేతి అంగీ భగ్గుమంది. ఎవరో పిల్లవాడు మగ్గుతో నీళ్ళు తెచ్చి ఎత్తాడు.

"నీళ్ళొద్దురా!" అని రాజయ్య అరిచిన అరుపు కింద సందులోకి వినిపించిందని తర్వాత అందరూ చెప్పుకున్నారు. అతను బక్కెట్టెత్తి బల్ల మీద ఇసుక కుమ్మరించాడు. అక్షిత చేతిని తన తువ్వాలుతో నొక్కి మంట ఆర్పాడు. ఏడుస్తూ గింజుకుంటున్న పిల్లను గోడకు ఆనించి, చేతి మీద అంటుకున్న లోహపు పలుకుల్ని ఒక్కొక్కటే పట్టకారుతో ఏరాడు. అవి పోయాయని నమ్మకం కుదిరాకే చేతిని కుళాయి కింద పెట్టాడు. పావుగంట అలాగే పట్టుకుని నిలబడ్డాడు. "అన్నా, మండుతున్నది, అన్నా," అని ఆ పిల్ల అతని చొక్కా పళ్ళతో కొరికింది. మేడం వేళ్ళు కూడా కాలాయి. ఆమె వాటిని చూసుకోలేదు. చాకు ఇంకా చేతిలోనే ఉంది.

*

బుధవారం పొద్దున ప్రిన్సిపాల్ విద్యాసాగర్ సార్ రాజయ్యను గదిలోకి పిలిపించాడు.

"కూసో రాజయ్యా, కూసో. అరే, నిలవడతవేంది?"

ఇరవై నాలుగేళ్ళలో ఆ గదిలో అతను కూర్చున్నది లేదు. కుర్చీ అంచు మీద కూర్చున్నాడు. టేబుల్ మీదికి రెండు కప్పుల చాయ్ వచ్చింది. ఒకటి అతని ముందు పెట్టారు.

"డాక్టర్ ఏమన్నడు తెలుసా? పలుకులు ఏరకుంట నీళ్ళు పోసినా, నీళ్ళు పొయ్యకుంట అట్లనే తీస్కొచ్చినా, చెయ్యి పోతుండె అన్నడు. కండ్లకు ఫికర్ లేదు. చేతికి తోలు వేరేకాడికెళ్ళి తీసి అతికిస్తరట. వేళ్ళు ఆడుతయి. అంత నీ పుణ్యం. కరెస్పాండెంట్ సార్ నీకు షాల్ కప్పాలంటున్నడు."

"షాల్ ఎందుకు సార్."

"ఎందుకేంది? నువ్వు లేకుంటె ఇయ్యాల ఈ కాలేజీకి తాళం పడుతుండె." సార్ సొరుగు లాగి, అచ్చు వేసిన కాగితం ఒకటి తీసి అతని వైపు తిప్పాడు. "ఇగో, దీని మీద ఒక సంతకం. ఎంక్వయిరీ గిట్ల వస్తే మనకాడ ఉండాలె."

నాలుగు వరసలే ఉన్నాయి. 'సదరు పొటాషియం పాతదని, కోయవద్దని నేను స్నేహ మేడంకు ముందే చెప్పితిని. ఆమె నా మాట వినలేదు.' రాజయ్య రెండుసార్లు చదివాడు.

"సార్, నేను వద్దని..."

"పాతదని చెప్పినవా లేదా?"

"చెప్పిన."

"పాతదని చెప్పుడంటే వద్దని చెప్పుడే గదనయ్యా. పో, కొయ్యి అని అన్నవా?"

"లేదు సార్."

"మరింకేంది? సిలబస్‌లో లేనిది చేసింది. పర్మిషన్ లేదు. అయినా కాంట్రాక్ట్ పిల్ల, రేపటికెళ్ళి రావద్దని చెప్పినం." సార్ పెన్ను మూత తీసి ఇచ్చాడు. "నువ్వు మన మనిషివి."

చాయ్ మీద మీగడ కట్టింది. మూడుసార్లు రాసి పంపిన పారఫిన్ నూనె మాట అడుగుదామనుకున్నాడు. అడిగితే, మరి ఇన్నాళ్ళూ ఆ సీసాలో ఏం పోశావన్న ప్రశ్న వస్తుంది.

"కండ్లద్దాలు ఇంటికాడ మర్చిన సార్," అన్నాడు. "రేపు చేస్త."

అద్దాలు లేకుండానే రెండుసార్లు చదివిన సంగతి సార్ గమనించాడో లేదో. కాగితాన్ని మడిచి అతని జేబులో పెట్టాడు. "రేపు మర్వకు."

మెట్లు దిగుతుంటే మొదటి అంతస్తు మలుపు దగ్గర స్నేహ మేడం ఎదురైంది. ఒక అట్టపెట్టెలో పుస్తకాలు, నీళ్ళసీసా. మూడు వేళ్ళకు కట్టు. రాజయ్య పెట్టె అందుకోబోతే ఇవ్వలేదు.

"అక్షిత దగ్గరికి వెళ్ళాను," అంది. "వాళ్ళ నాన్న లోపలికి రానివ్వలేదు. నిజమే, ఎందుకు రానిస్తాడు?"

రాజయ్య గోడకు ఆనుకుని ఆమెకు దారి ఇచ్చాడు. ఆమె కదల్లేదు.

"నిన్న రాత్రంతా అదే చదువుతూ కూర్చున్నా. పొటాషియం పాతబడి, గాలి తగులుతూ ఉంటే ఆ పసుపు పొర వస్తుందట. దాన్ని కోస్తే పేలుతుందట. మా పుస్తకాల్లో ఒక్క ముక్క లేదు. కిందికి దిగేకొద్దీ చురుకు పెరుగుతుందని పదిసార్లు చెప్పాను పిల్లలకు. సోడియం కింది మెట్టు మీద ఉన్నదాన్ని సోడియంలాగే కోశాను."

రాజయ్య మెల్లగా అడిగాడు. "కిరోసిన్ కాకుంట వేరే నూనె ఏదన్న ఉంటె... ఏమన్న అయితదా మేడం?"

"వేరే అంటే?"

"తినే నూనె గిట్ల."

"తినే నూనెల్లో కొంచెం తేమ ఉంటుంది, ఆమ్లం ఉంటుంది. లోహాన్ని మెల్లగా తింటాయేమో. సరిగ్గా తెలియదు. కిరోసిన్‌లో ఉన్నా ఏళ్ళ తరబడి ఉంచితే ప్రమాదమే అని రాశారు. ఎందుకడుగుతున్నారు?"

"ఊకెనే."

నూనె వల్లే అయ్యిందని ఆమె అనలేదు. నూనె వల్ల కాదనీ అనలేదు. ఆ రెంటి మధ్య ఒక మనిషి దాక్కోవడానికి చాలినంత చోటుంది.

"రాజయ్యగారూ," అంది ఆమె. గొంతు తగ్గింది. "మీరు కోయొద్దని నాతో అన్నారా? ప్రిన్సిపాల్ సార్ అంటున్నారు, మీరు అన్నారట. ఎంత గుర్తు చేసుకున్నా నాకు తట్టడం లేదు. ఆ తొందరలో విననే లేదేమో నేను. అని ఉంటే చెప్పండి. కనీసం ఏం జరిగిందో నాకు తెలుస్తుంది."

కింద సందులో ఆటో హారన్ ఆగకుండా మోగుతోంది. రాజయ్య చెయ్యి జేబులోని కాగితం మీదికి వెళ్ళింది. ఆమె ఒక్క నిమిషం చూసి, తనలో తనే తల ఊపుకుంది. అనే ఉంటారన్నట్టు. తర్వాత పెట్టె చంకకు ఎత్తుకుని దిగిపోయింది.

*

సాయంత్రం భార్య సునందకు అంతా చెప్పాడు. ఆమె మెంతికూర తుంపుతూ విన్నది.

"దీపం నూనెతోని ఎవరన్న కాల్తరా? పిచ్చి గిట్ల లేసిందా నీకు?"

"నేను వద్దనలే సునందా. అన్నట్టు రాసిన్రు."

"అన్నవో అనలేదో ఎవనికి తెలుసు? ఆ పిల్ల చదువుకున్నది. గన్‌ఫౌండ్రీల కాకుంటె ఖైరతాబాద్‌ల, ఏదో ఒక కాలేజీ దొరుకుతది. నీకు దొరుకుతదా యాభై ఏడేండ్లకు? పెట్టు సంతకం." కాడలు పక్కకు తోసింది. "పెట్టినంక నిద్రపడితె పెట్టు మరి. పడకుంటె నాకెర్క లేదు."

దీపం పెట్టే వేళ అయ్యింది. రాజయ్య కాళ్ళు కడుక్కుని దేవుడి గూటి ముందు కూర్చున్నాడు. ప్రమిదలో వత్తి వేశాడు. నూనె చెంబు వంచబోయి ఆగాడు. నీ ముందు పోస్తే పుణ్యం, సీసాలో పోస్తే పాపమా స్వామీ? నూనె ఒకటే కదా. అడిగాక ఆ ప్రశ్న అతనికే చిన్నపిల్లవాడి ప్రశ్నలా తోచింది. దేవుడు నూనె సంగతి అడగడం లేదు. పొద్దున మెట్ల మీద ఎందుకు నోరు మూసుకున్నావని అడుగుతున్నాడు. దీపం వెలిగించి, దండం పెట్టుకుని, కంచం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని లేచాడు.

*

గురువారం కాలేజీకి వెళ్ళలేదు. ఆబిడ్స్ వెనక ఉన్న దవాఖానకు నడిచి వెళ్ళాడు. కాలిన గాయాల వార్డు మొదటి అంతస్తులో ఉంది. గుమ్మం బయట వరండాలో, నేల మీద దుప్పటి పరుచుకుని అక్షిత తండ్రి పరశురాం కూర్చున్నాడు. అఫ్జల్‌గంజ్ దుకాణాలకు ట్రాలీ ఆటోలో సామాన్లు తోలే మనిషి. మంగళవారం ఇదే వరండాలో అందరూ చూస్తుండగా రాజయ్య కాళ్ళ మీద పడ్డాడు. ఇవాళ చూడగానే సగం లేచి, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"రా అన్నా, రా. రాత్రి జర పండుకున్నది. పొద్దుగాల ఇడ్లి తిన్నది. ఎడమచేత్తోని తింటున్న సూడు నాన్నా అని నవ్వుతున్నది. నవ్వితె నా పానం ఎట్లనో అయితున్నది."

"వేళ్ళు కదుపుతున్నదా?"

"రెండు కదిపింది. డాక్టర్ మంచిగుంది అన్నడు." రెండో చేత్తో చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. "మంచిగ దొరికినవ్. మీ పెద్దసార్ పంపిండు. పోలీస్ టేషన్ల ఇయ్యాల్నట. సంతకం పెడితె దవాఖాన ఖర్చంత కాలేజీదే అన్నరు. నాకు సంతకం వరకే వస్తది. ఏం రాసిన్రో జర చదివి చెప్పు."

రాజయ్య ఒక చేత్తోనే కాగితం విప్పాడు. పైకి చదవడం మొదలుపెట్టాడు. 'నా కుమార్తె అక్షిత... స్నేహ అను అధ్యాపకురాలు అనుమతి లేకుండా... ప్రమాదకరమైన లోహమును... అటెండర్ రాజయ్య వద్దని వారించినను వినక...'

తన పేరు తన గొంతులోనే విన్నాడు. ఆగిపోయాడు.

"ఆగినవేంది?"

"ఇది నిజం కాదు," అన్నాడు రాజయ్య.

"ఏది?"

"నేను వద్దనలే. పాతదని అన్న. వద్దని అనలే." ఇంక ఆగితే చెప్పలేనని అనిపించింది. "ఇంకొకటున్నది. ఆ సీసల కిరోసిన్ ఉండాలె. దొరకలే. పారఫిన్ అని ఒక నూనె ఉంటది, అది తెప్పియ్యమని మూడుసార్లు రాసిన. ఇయ్యలే. నూనె తగ్గిపోయి లోహం బయటవడ్డది. అప్పుడు దీపం నూనె పోసిన నేను."

పరశురాం చెయ్యి అతని చేతి మీద ఇంకా ఉంది.

"దీపం నూనె."

"ఔ."

"నువ్వు పోసినవ్."

"ఔ."

"గా మేడంకు ఎర్కనా?"

"ఎర్క లేదు. ఎవ్వలకెర్క లేదు."

చెయ్యి మెల్లగా వెనక్కి వెళ్ళింది. దాన్ని ఏం చేసుకోవాలో తెలియనట్టు పరశురాం మోకాలి మీద పెట్టుకున్నాడు. మందుల బండిని తోసుకుంటూ ఒక నర్సు వాళ్ళ ముందునుంచి వెళ్ళింది. ఇద్దరూ కాళ్ళు జరిపారు.

"నీ కాళ్ళు మొక్కిన నేను," అన్నాడు పరశురాం. "ఇందరి ముంగట."

రాజయ్య తల వంచుకున్నాడు.

"ఆ నూనెతోనే అయ్యిందా?"

"తెల్వది. కావొచ్చు, కాకపోవచ్చు. పాతగయితె కిరోసిన్ల ఉన్నా పేల్తదని మేడం చెప్పింది."

"తెల్వనిది నాకెందుకు చెప్తున్నవ్ మరి? నేనేం జెయ్యాలె దాంతోని?" గొంతు లేచింది. వార్డులోంచి ఎవరో తొంగి చూశారు. పరశురాం లేచి వరండా చివరిదాకా వెళ్ళాడు. కిటికీ కమ్మి పట్టుకుని రోడ్డు వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. ఇంక వెళ్ళిపోవడమే మంచిదని రాజయ్య అనుకుంటున్నాడు. లేచే లోపల పరశురాం తిరిగి వచ్చి, గుమ్మానికి అడ్డంగా కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు.

"కాయితం తిప్పు. ఎన్కకు తెల్లగున్నది. రాయి."

"ఏం రాయాలె?"

"ఏం జరిగింది చెప్పినవ్ గద. గదే రాయి. నాకు రాయొస్తదా ఏంది?"

రాజయ్య పెన్ను తీశాడు. కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. పరశురాం చెబుతుంటే రాశాడు. నా పేరు పరశురాం. నా బిడ్డ పేరు అక్షిత. పదహారేండ్లు.

"మేడం చాకు పెట్టింది. అది రాయి. పెట్టలేదని రాయకు."

రాశాడు.

"మూడుసార్లడిగినా నూనె ఇయ్యలేదంటివి గద మీ సార్. అది రాయి."

పెన్ను ఆగింది. "రాస్తె దవాఖాన ఖర్చు వాళ్ళియ్యరు పరశురాం."

"నాకెర్కనే. ట్రాలీ ఉన్నది గద." కాగితం మీద వేలు పెట్టి చూపించాడు. "నువ్వు రాయి."

రాశాడు. తర్వాత తన వంతు వచ్చింది. 'అటెండర్ రాజయ్య' అని రాసి, రాసింది చూసుకున్నాడు. తన పేరు ఎదురుగా ఉంటే వేరే ఎవరిదో అనిపించింది. 'సదరు సీసాలో దీపారాధన నూనె' అని రాశాడు.

"తెలిసి పోసినవా, తెల్వక పోసినవా?" అన్నాడు పరశురాం. "పోలీసోడు మొట్టమొదలు అదే అడుగుతడు."

రాజయ్య వెంటనే రాయలేదు. తెలియక అని రాస్తే అబద్ధం కాదు. పసుపు పొర అంటే ఏమిటో అతనికి నిజంగా తెలియదు. కాని ఆ రోజు నూనె పోసే ముందు తలుపు వైపు ఒకసారి చూశాడు. వరండాలో చెప్పుల చప్పుడు వినిపిస్తే సీసాను వెనక్కి దాచాడు. ఏమీ తెలియనివాడు దాచడు. తెలిసి అని రాద్దామంటే, ఒక పిల్ల చెయ్యి కాలుతుందని తెలిసి ఏ మనిషీ పోయడు. విజయేందర్ సార్ ఇల్లు కాచిగూడలోనే. ఫోను నంబరు తన దగ్గర ఉంది. సోడియానికి చేసినట్టే దానికీ చేయొచ్చా సార్ అని ఒక్క మాట అడిగితే పోయేది. మొన్న సోమవారం మేడంను అడిగినా పోయేది.

రెండు మాటలూ వదిలేసి, వాటి చోట 'ఎవరినీ అడగకుండా పోసినాడు' అని రాశాడు.

పైకి చదివి వినిపించాడు.

"మల్ల చదువు," అన్నాడు పరశురాం.

మళ్ళీ చదివాడు. పరశురాం పెన్ను అందుకుని, ఒక్కో అక్షరం దగ్గర ఆగుతూ పేరు గీశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. జేబు మీద అరచెయ్యి వేసి ఒకసారి నొక్కాడు.

"రేపు పది గంటలకు పోదం. నువ్వు గూడ రావాలె."

"వస్త."

"రాకుంటె?"

"వస్త."

సార్ ఇచ్చిన ఇంకో కాగితం తన జేబులో అలాగే ఉంది. రాజయ్య గోడ పట్టుకుని లేచాడు. వెళ్ళొస్తానని చెప్పాలో, చెప్పకుండా వెళ్ళాలో తెలియలేదు. అప్పుడు వార్డులోంచి అక్షిత గొంతు వినిపించింది.

"నాన్నా, రాజన్న వచ్చిండా? లోపటికి పంపు. ఒకటి అడగాలె నేను."

రాజయ్య కదల్లేదు. పరశురాం వైపు చూశాడు. పరశురాం అతని వైపు చూడలేదు. గుమ్మానికి అడ్డంగా చాపుకున్న కాళ్ళను మాత్రం దగ్గరికి ముడుచుకున్నాడు.